బిడ్డకు ఓర్పు, తల్లికి తొందర
బొడ్డు హెర్నియా చికిత్స: మూడున్నర వేల ఏళ్ళ సింహావలోకనం

నెలల పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఏడ్చినప్పుడల్లా బొడ్డు రేగుపండంత ఉబ్బి బయటికి వస్తోంది. ఊరుకోగానే లోపలికి జారిపోతోంది. అమ్మమ్మ పెట్టె తెరిచి పాత రూపాయి బిళ్ళ వెతికింది. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, బొడ్డు మీద అదిమిపెట్టి, నడుముకు పట్టీ కట్టింది. ఇల్లంతా ఆ బిడ్డ బొడ్డు చుట్టూ తిరుగుతోంది.

అదే ఇంట్లో ఆ బిడ్డ తల్లికి మొదటి కాన్పు తర్వాత బొడ్డు దగ్గర చిన్న ఉబ్బు మొదలైంది. బిందె ఎత్తితే పొడుచుకొస్తుంది, వెల్లకిలా పడుకుంటే కనిపించదు. రెండో కాన్పుతో అది నిమ్మకాయంత అయింది. ఆమె చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని పనిలో పడిపోయింది. భర్తకు చెప్పలేదు, కన్నతల్లికీ చెప్పలేదు.

మన ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళు కొత్తేమీ కావు. బిడ్డ బొడ్డు గురించి కంగారు, తల్లి బొడ్డు గురించి మౌనం. వైద్యం తరతరాలుగా కూడబెట్టిన అనుభవం మాత్రం సరిగ్గా దీనికి ఎదురు చెబుతుంది. బిడ్డ బొడ్డుకు కావాల్సింది ఓర్పు. తల్లి బొడ్డుకు కావాల్సింది తొందర. ఇంత చిన్న మాట తేలడానికి మూడున్నర వేల ఏళ్ళు పట్టింది. దారిలో ఒక మహారాణి ప్రాణం పోయింది. కట్లు, తాళ్ళు, వెండి తీగలు, చివరికి దోమతెర గుడ్డ కూడా పరీక్షకు వచ్చాయి. ఆ దారిని ఒకసారి వెనుదిరిగి చూద్దాం.

మూసుకోవాల్సిన వాకిలి

ఇప్పుడు మచ్చలా కనిపించే బొడ్డు, తల్లి కడుపులో ఉన్నన్నాళ్ళూ మనకు వాకిలి. బొడ్డుతాడులోని రెండు ధమనులు, ఒక సిర ఆ వాకిలి గుండానే రాకపోకలు సాగిస్తాయి. పిండానికి ఆరో వారం వచ్చేసరికి పేగులు పొట్టలో పట్టనంత వేగంగా పెరుగుతాయి. కొంత భాగం వాకిలి దాటి బొడ్డుతాడులోకి వెళ్తుంది. పదో వారం ప్రాంతంలో మళ్ళీ లోపలికి వచ్చి సర్దుకుంటుంది. ఆ లెక్కన ప్రతి మనిషికీ పుట్టకముందే ఒకసారి బొడ్డు హెర్నియా (బొడ్డు సందులోంచి లోపలి పేగు బయటికి రావడం) వచ్చి పోయిందన్నమాట.

పుట్టాక బొడ్డు ఊడుతుంది. లోపలి రక్తనాళాలు ఎండి నారతాళ్ళలా మారతాయి. చుట్టూ ఉన్న గట్టి పొర ఉంగరంలా బిగుసుకుంటూ మూతపడుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో, తక్కువ బరువుతో పుట్టినవాళ్ళలో ఈ మూతపడటం ఆలస్యమవుతుంది. అలాంటి బిడ్డ ఏడ్చినా, ముక్కినా లోపలి ఒత్తిడికి పేగో, పేగుల మీద కప్పుకుని ఉండే కొవ్వు పొరో ఆ సందులోంచి తొంగిచూస్తుంది. చూసేవాళ్ళకు భయం వేస్తుంది కానీ బిడ్డకు దానివల్ల బాధ ఉండదు. ఎక్కువమందిలో నాలుగైదేళ్ళు నిండేలోపు ఆ సందు దానంతట అదే పూడిపోతుంది.

పెద్దవాళ్ళ సంగతి వేరు. పెద్దల్లో కనిపించే బొడ్డు హెర్నియాల్లో పదింట తొమ్మిది చిన్నప్పటి నుంచి మిగిలిపోయినవి కావు, తర్వాత వచ్చినవి. వరుస కాన్పులు, ఊబకాయం, కాలేయం చెడి పొట్టలో నీరు చేరడం, ఏళ్ళ తరబడి దగ్గు, ఇవన్నీ పొట్ట గోడను సాగదీస్తాయి. ఒకప్పుడు వాకిలి ఉన్నచోటే గోడ మళ్ళీ విచ్చుకుంటుంది. ఈసారి అది పూడదు. పైగా పెద్దవాళ్ళలో ఆ సందు అంచులు గట్టిగా, దారి ఇరుకుగా ఉంటాయి. లోపలికి దూరిన పేగు ఒక్కోసారి వెనక్కి రాలేక అక్కడే బిగుసుకుపోతుంది. ఉరి బిగిసినట్టు రక్తం ఆగిపోతుంది. గంటలు గడిచేకొద్దీ పేగు నల్లబడుతుంది, కుళ్ళుతుంది, చిల్లుపడుతుంది. బొడ్డు హెర్నియా ప్రాణం తీసేది ఇలాగే.

పిల్లల్లో ఈ ప్రమాదం చాలా అరుదు, పెద్దల్లో నిజమైన భయం. ఈ తేడాను మనసులో పెట్టుకుని చరిత్రలోకి వెళ్తే, ప్రతి కాలం ఎక్కడ గెలిచిందో ఎక్కడ ఓడిందో తేటగా కనిపిస్తుంది.

కత్తి దాచుకున్న ప్రాచీనులు

క్రీస్తుపూర్వం 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్యగ్రంథం ఎబర్స్ పపైరస్. దగ్గినప్పుడు పొట్ట మీద ఉబ్బే వాపును అందులో గుర్తించారు. దగ్గించి చూడడం నేటికీ హెర్నియా పరీక్షలో మొదటి మెట్టు. డాక్టరు మన పొట్ట మీద చెయ్యి వేసి "ఒకసారి దగ్గండి" అన్నప్పుడు ఆ మాట వెనక అంత పాత చూపు ఉంది.

మన దేశంలో బొడ్డు జాగ్రత్త పురుటి గదిలోనే మొదలైంది. చరకసంహిత శారీరస్థానంలో బొడ్డుతాడు కోసే పద్ధతి ఎంతో వివరంగా ఉంది. నాభి నుంచి ఎనిమిది వేళ్ళ వెడల్పు దూరంలో గుర్తు పెట్టాలి, బంగారం, వెండి, ఇనుము ఏదో ఒకదానితో చేసిన పదునైన పరికరంతో కోయాలి, మిగిలిన కొసను దారంతో కట్టాలి. సరిగ్గా కోయకపోతే వచ్చే చిక్కుల పట్టికలో 'ఉత్తుండిత' అనే పేరు కనిపిస్తుంది. పైకి పొడుచుకొచ్చిన బొడ్డు అది. సుశ్రుతుడు నొప్పితో ఉబ్బిన నాభిని 'తుండి' అన్నాడు. దానికి నూనె, కాపడం, పట్టు చెప్పాడు. శస్త్రవిద్యకే ఆద్యుడిగా మనం చెప్పుకునే ఆచార్యుడు పసిబిడ్డ బొడ్డు దగ్గర శస్త్రాన్ని పక్కన పెట్టాడు. ఆయన కారణం వాతం. మన కారణం మూసుకోవడం ఆలస్యమైన ఉంగరం. సిద్ధాంతం వేరైనా చేతికి చెప్పిన బుద్ధి ఒకటే.

రెండో శతాబ్దంలో గ్రీకు వైద్యుడు సొరానస్ శిశువుల సంరక్షణ గురించి రాస్తూ, ఊడిన బొడ్డు మీద సీసం ముక్క పెట్టే అలవాటును ప్రస్తావించాడు. దాని బరువుకు బొడ్డు లోపలికి చక్కగా గుంటపడుతుందని అప్పటివాళ్ళ నమ్మకం. మన అమ్మమ్మ రూపాయి బిళ్ళకు ఇంత దూరపు చుట్టం ఉన్నాడు. ఖండాలు దాటిన ఈ అలవాటు వెనక ఉన్నది మూర్ఖత్వం కాదు, బిడ్డ మీద బెంగ. బిళ్ళ కట్టిన కొన్నేళ్ళకు బొడ్డు మూసుకుంది కాబట్టి ఘనత బిళ్ళకు దక్కింది. నిజానికి ఆ పని చేసింది కాలం.

సొరానస్ కంటే ముందే, రోములో మొదటి శతాబ్దపు రచయిత సెల్సస్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. పొడుచుకొచ్చిన బొడ్డులోని పేగును లోపలికి నెట్టి, మిగిలిన సంచీని నారదారంతో మొదలు దగ్గర బిగించి కట్టే పద్ధతిని ఆయన వివరించాడు. దానికంటే గొప్పది ఆయన పెట్టిన హద్దు. పసిపిల్లలకూ వద్దు, ముసలివాళ్ళకూ వద్దు, సుమారు ఏడు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య వాళ్ళే దీనికి తగినవాళ్ళు అన్నాడు. మత్తు లేదు, సూక్ష్మజీవి ఊహ కూడా లేదు. అయినా పసిబిడ్డ విషయంలో ఆగాలని ఆయనకు తెలిసింది. నేటి పిల్లల సర్జన్లు నాలుగైదేళ్ళ వరకు చూడమంటున్నారు. రెండు వేల ఏళ్ళ నాటి సెల్సస్ అంచనా దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

రాణి దాచిన రహస్యం

బ్రిటన్ రాజు రెండో జార్జి భార్య కరోలిన్ చదువరి, తత్త్వవేత్తలతో చర్చించిన మనిషి. మశూచికి టీకాల కంటే ముందున్న పద్ధతిని, అంటే మశూచి రసాన్ని ఎక్కించడాన్ని, 1722లో తన ఇద్దరు కూతుళ్ళకు చేయించి దేశానికి ధైర్యం చెప్పింది. కొత్త వైద్యాన్ని అంతగా నమ్మిన ఆ తల్లి తన ఒంటి విషయం మాత్రం చెప్పుకోలేదు. 1724లో చివరి బిడ్డ పుట్టినప్పుడు ఆమెకు బొడ్డు హెర్నియా వచ్చింది. భర్తకు తెలుసు. బయటికి పొక్కనివ్వలేదు. రాణి కాబట్టి పొట్ట కప్పే దుస్తులకు కొదవ లేదు. పదమూడేళ్ళు అలాగే నెట్టుకొచ్చింది.

1737 నవంబర్ 9న ఆమెకు విపరీతమైన కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. ఆస్థాన వైద్యులు కడుపులో వాయువనుకున్నారు. కషాయాలు పట్టించారు, రక్తం తీశారు. ఆమె నోరు విప్పలేదు. రోజులు గడిచాక రాజే ఉండబట్టలేక సర్జన్ జాన్ రాన్బీకి నిజం చెప్పాడు. అప్పటికే ఆలస్యమైంది. మత్తుమందు లేని కాలంలో, తెలివిలో ఉన్న మనిషి మీద కత్తి పెట్టి వాపును కోశారు. చిక్కుకున్న పేగు కుళ్ళి పగిలింది. నవంబర్ 20న ఆమె చనిపోయింది. వయసు 54. దేశంలోని పేరున్న వైద్యులందరినీ పిలిపించుకోగల ఇంట్లో, ఒక మాట దాచినందుకు పదకొండు రోజుల నరకం.

అదే శతాబ్దంలో, అదే దేశంలో మార్గరెట్ వైట్ అనే మామూలు స్త్రీ కథ ఇంకోలా ముగిసింది. ఆమెకూ చాలాకాలంగా బొడ్డు హెర్నియా ఉంది. డెబ్బై మూడో ఏట వాంతులతో అది పగిలి, కుళ్ళిన పేగు బయటపడింది. సర్జన్ విలియం చెసెల్డెన్ ఆ చచ్చిన భాగాన్ని, సుమారు రెండడుగులకు పైగా పేగును, తీసేసి మంచి పేగు కొసను బొడ్డు దగ్గరే తెరిచి ఉంచాడు. ఆమె కోలుకుంది. ఆ దారి గుండానే మలం వస్తూ చాలా ఏళ్ళు బతికింది. చచ్చిన పేగును తీసేస్తే మనిషి బతకగలడని వైద్యానికి ఆమె శరీరం నేర్పింది.

ఈ రెండు జీవితాల మధ్య తేడాకు అదృష్టం కూడా కొంత కారణం. కానీ ఆ మహారాణి చావు నుంచి నేర్చుకోవాల్సింది ఒకటే: సిగ్గుకు హెర్నియా భయపడదు. దాచినన్నాళ్ళూ అది పెరుగుతూనే ఉంటుంది.

కట్ల కాలం

కోస్తే చావు ఎదురుగా ఉన్నప్పుడు జనం కట్లను నమ్ముకున్నారు. తోలు పట్టీలు, ఇనుప స్ప్రింగులు, దిండ్లు కుట్టిన నడికట్లు యూరప్‌లో పెద్ద వ్యాపారమయ్యాయి. బరువులు మోసే కూలీల్లో హెర్నియా ఎంతగా ఉండేదంటే, 1807లో లండన్‌లో బీదవాళ్ళకు ఉచితంగా నడికట్లు ఇవ్వడానికే ఒక ధర్మసంఘం పుట్టింది. కట్టు ఉబ్బును లోపల అదిమిపెడుతుందే గానీ సందును పూడ్చదు. నేడు మందుల షాపుల్లో దొరికే పొట్ట బెల్టు కూడా అంతే. కాసేపు ఊరట, జబ్బు ఎక్కడిదక్కడే.

18వ శతాబ్దం చివర ఫ్రెంచి సర్జన్ దెసో పసిపిల్లల బొడ్డు సంచీకి తాడు బిగించి ఊడగొట్టే పద్ధతిని మళ్ళీ వాడుకలోకి తెచ్చాడు. కొందరికి మానింది, కొందరికి తిరగబెట్టింది. మానినవాళ్ళలో ఎంతమందికి తాడు లేకపోయినా మానేదో అప్పుడు ఎవరూ లెక్కగట్టలేదు. ఆగాల్సిన చోట ఆగకపోవడం వైద్యులకూ తప్పలేదు.

నొప్పి పోయింది, చీము పోయింది

1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్‌తో నొప్పి లేని ఆపరేషన్ జరిగింది. మరుసటి ఏడు ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫాం తెచ్చాడు. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాన్ని శుభ్రం చేసి చీమును అడ్డుకోవచ్చని ప్రకటించాడు. వేల ఏళ్ళు పొట్ట గోడ బయటే నిలబడిన సర్జన్‌కు మత్తు, శుభ్రత ఈ రెండింటితో లోపలికి వెళ్ళే ధైర్యం వచ్చింది.

ఈ కథలో మన హైదరాబాద్‌కు ఒక అధ్యాయం ఉంది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారన్న ప్రశ్న అప్పట్లో ప్రపంచాన్ని వేధించేది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ చొరవతో 1888లో ఇక్కడ మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. మరుసటి ఏడు నిజాం వెయ్యి పౌండ్లు ఇవ్వడంతో రెండో కమిషన్ కూర్చుంది. లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొన్నాడు. నాడిని కాదు, శ్వాసను కనిపెట్టండి అని కమిషన్ తేల్చింది. గుండె లయ తప్పడం కూడా కారణమని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాక ఆ తీర్పు సగమే నిజమని తేలింది. అయినా మత్తులో ఉన్న మనిషి ఊపిరిని కళ్ళార్పకుండా చూడాలన్న క్రమశిక్షణ నిలిచింది. ఆ రోజుల్లో లారీ దగ్గర శిక్షణ పొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. మూసీ ఒడ్డున ఒక స్త్రీ రోగి తల దగ్గర కూర్చుని మత్తు ఇస్తున్న ఆ దృశ్యం మనం గర్వంగా గుర్తు పెట్టుకోవాల్సింది.

మేయో మడత

మత్తు, శుభ్రత చేతికొచ్చాక తర్వాతి ప్రశ్న: లోపలికి వెళ్ళి సందును ఎలా మూయాలి? అంచుకు అంచు చేర్చి కుట్టిన కుట్లు నెలల్లో తెగేవి. ముఖ్యంగా లావుపాటి స్త్రీలలో.

అమెరికాలోని రోచెస్టర్ పట్టణంలో సర్జన్ విలియం మేయో దీనికి ఒక ఉపాయం కనిపెట్టి 1901లో ప్రచురించాడు. సందును నిలువుగా కాకుండా అడ్డంగా మూశాడు. అంచులను ఎదురెదురుగా చేర్చకుండా, ఇంటి కప్పు మీద పెంకు మీద పెంకు పరిచినట్టు, పై పొరను కింది పొర మీదికి తెచ్చి రెండు వరుసల్లో కుట్టాడు. ఇంగ్లీషులో దీన్ని ప్యాంటు మీదికి జారిన కోటుతో పోల్చారు. అర్ధశతాబ్దానికి పైగా బొడ్డు హెర్నియా ఆపరేషన్ అంటే మేయో ఆపరేషనే. మన బోధనాసుపత్రుల్లో చదివిన పాత తరం సర్జన్లందరి చేతులకూ ఈ మడత అలవాటే.

మేయో పక్కనే ఇంకొక మనిషి ఉంది. సిస్టర్ మేరీ జోసెఫ్ అనే క్రైస్తవ సన్యాసిని, ఆయన ఆపరేషన్లకు మొదటి సహాయకురాలు. ఆపరేషన్‌కు ముందు రోగి పొట్టను శుభ్రం చేస్తూ ఆమె ఒక విషయం గమనించింది. కొందరి బొడ్డులో గట్టి గడ్డ చేతికి తగులుతోంది. పొట్ట తెరిస్తే లోపల క్యాన్సర్ ముదిరి ఉంటోంది. మేయో 1928లో దీని గురించి రాశాడు. 1949లో బ్రిటిష్ సర్జన్ హామిల్టన్ బెయిలీ ఆ గడ్డకు ఆమె పేరే పెట్టాడు. బొడ్డు దగ్గర కనిపించిన ప్రతిదీ హెర్నియా కాదు. లోపలికి పోని గట్టి గడ్డ ఉంటే పరీక్ష చేయించుకోవాల్సిందే. ఈ సంగతి వైద్యలోకానికి నేర్పింది శుభ్రం చేసే చేయి.

లాగి కట్టొద్దు, కప్పి నిలపండి

మేయో మడత అందంగా ఉన్నా తిరగబెట్టే రోగులు మిగిలే ఉన్నారు. కారణం మెల్లగా అర్థమైంది. పాత చీర చిరిగినచోట అంచులు లాగి కుడితే కుట్టు పక్కనే మళ్ళీ చిరుగుతుంది. అతుకు వేస్తే నిలుస్తుంది. పొట్ట గోడకూ అదే న్యాయం. లాగి బిగించిన కొద్దీ కండపొర కుట్టు దగ్గర తెగుతుంది.

స్నాయువులంత గట్టి పదార్థాన్ని కృత్రిమంగా చేయగలిగితే హెర్నియా రహస్యం చేతికి వచ్చినట్టేనని 19వ శతాబ్దంలోనే వియన్నా సర్జన్ బిల్రోత్ ఆశపడ్డాడు. వెండి తీగతో అల్లిన జాలీలు ప్రయత్నించారు. అవి బిరుసెక్కి విరిగాయి. తొడ నుంచి తీసిన పొరను పట్టీలుగా కోసి కుట్టు దారంలా వాడారు. చివరికి ప్లాస్టిక్ యుగం దారి చూపింది. అమెరికాలోని హ్యూస్టన్ సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ 1958లో ప్లాస్టిక్ జాలీతో హెర్నియా పూడ్చిన అనుభవాన్ని ప్రచురించాడు. కొన్నేళ్ళలో పాలీప్రొపిలీన్ దారంతో అల్లిన జాలీ వచ్చింది. సర్జన్లు దాన్ని మెష్ అంటారు, మన రోగులు జాలీ అంటారు. దాని కన్నాల్లోంచి మన శరీరమే కొత్త నార పొరను అల్లుకుంటుంది. కొన్ని నెలలకు జాలీ, గోడ ఒకటైపోతాయి.

బొడ్డు హెర్నియా చిన్నది, దీనికి జాలీ ఎందుకన్న వాదం చాలాకాలం నడిచింది. వాదాన్ని పరిశోధనలు తీర్చాయి. స్పెయిన్‌లో 200 మంది పెద్దల మీద జరిగిన అధ్యయనం 2001లో వెలువడింది. కుట్లు మాత్రమే వేసినవాళ్ళలో 11 శాతం మందికి తిరగబెట్టింది, జాలీ వేసినవాళ్ళలో 1 శాతానికే. 2018లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం నెదర్లాండ్స్, జర్మనీ, ఇటలీలలో ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్ల సందు ఉన్న 300 మందిని చూసింది. కుట్లతో 12 శాతం, జాలీతో 4 శాతం. 2020లో యూరప్, అమెరికా హెర్నియా సంఘాలు కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. సందు సెంటీమీటరు దాటితే జాలీ మేలు, దాన్ని పేగులకు తగలకుండా పొట్ట లోపలి పొరకు బయట పరచాలి, సందు అంచు దాటి అన్ని వైపులా మూడు సెంటీమీటర్లు కప్పాలి అన్నది వాటి సారాంశం. సెంటీమీటరు లోపు సందుకు కుట్లు చాలవచ్చు.

ఈలోగా చిన్న కన్నాల ఆపరేషన్ కూడా వచ్చింది. అమెరికా సర్జన్ కార్ల్ లెబ్లాంక్ 1993లో పొట్ట గోడ హెర్నియాలను ల్యాపరోస్కోపీతో మూయవచ్చని చూపాడు. లావుగా ఉన్నవాళ్ళలో, పెద్ద సందుల్లో, తిరగబెట్టిన హెర్నియాల్లో గాయం తక్కువగా ఉండటం పెద్ద మేలు. చిన్న బొడ్డు హెర్నియాకు బొడ్డు అంచున చిన్న కోతతో చేసే మామూలు ఆపరేషన్ ఇప్పటికీ చక్కటి మార్గం. ఖరీదైనదే గొప్పదని అనుకోనక్కర్లేదు.

ఖరీదు మాట వచ్చింది కాబట్టి ఒక భారతీయ సర్జన్‌ను తలచుకోవాలి. మహారాష్ట్ర ధూళే జిల్లాలోని దొండాయిచా అనే చిన్న పట్టణంలో డాక్టర్ రవీంద్రనాథ్ తోంగావ్‌కర్, బీదవాళ్ళు కొనలేని విదేశీ జాలీకి బదులు దోమతెర గుడ్డను పరీక్షించి, శుద్ధిచేసి గజ్జ హెర్నియాలకు వాడాడు. ఇతర సర్జన్లతో కలిసి 2003లో ఫలితాలు ప్రచురించాడు. ఉగాండాలో ఇలాంటి చవక జాలీని ఖరీదైన జాలీతో పోల్చి చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పెద్ద ప్రయోగశాల లేని ఊరి నుంచి ప్రపంచానికి అందిన కానుక అది.

నేటి చిత్రం

ఇంత దూరం నడిచాక మన ఇంటికి తిరిగి వద్దాం.

బిడ్డ బొడ్డు ఉబ్బితే పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆ తర్వాత ఆగండి. రూపాయి బిళ్ళ వద్దు. గుడ్డ కింద చెమటకు చర్మం ఒరుసుకుపోతుంది, పుండు పడుతుంది, కట్టు జారితే ఆ బిళ్ళ బిడ్డ నోట్లోకి పోతుంది. నాలుగైదేళ్ళు దాటినా మూసుకోకపోతే, సందు మరీ పెద్దదై తగ్గే సూచన లేకపోతే అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. పిల్లలకు సాధారణంగా జాలీ అక్కర్లేదు, కొద్దిపాటి కుట్లు చాలు. అరుదుగానైనా ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, బిడ్డ ఆగకుండా ఏడుస్తూ వాంతులు చేసుకుంటుంటే మాత్రం క్షణం ఆగొద్దు.

పెద్దవాళ్ళకు ఉబ్బు కనిపించిన రోజే సర్జన్ దగ్గరికి వెళ్ళడం మంచిది. వెళ్ళగానే కోస్తారన్న భయం అక్కర్లేదు. ఎప్పుడు చేయాలో కూర్చుని నిర్ణయించుకోవచ్చు. ఇంకా పిల్లలు కావాలనుకుంటే, ఇబ్బంది లేనప్పుడు, ఆపరేషన్‌ను కాన్పుల తర్వాతికి ఉంచవచ్చు. బీడీ, సిగరెట్ కనీసం నాలుగైదు వారాల ముందే మానాలి. బరువు తగ్గించుకోవాలి, షుగర్ అదుపులో పెట్టుకోవాలి. కాలేయం జబ్బుతో పొట్టలో నీరుంటే ముందు ఆ నీటి సంగతి చూడాలి. ఇవన్నీ జాలీ నిలవడానికి మనం వేసే పునాదులు. ముందుగా నిర్ణయించుకుని చేయించుకుంటే చాలామంది అదే రోజో, మర్నాడో ఇంటికి వస్తారు. కొన్ని వారాలు బిందెలు, బస్తాలు ఎత్తకుండా చూసుకోవాలి. పేగు బిగుసుకున్నాక అర్ధరాత్రి చేసే ఆపరేషన్‌లో ఈ సుఖం ఏదీ ఉండదు.

ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు పోకపోవడం, నొప్పి, ఉబ్బు మీద చర్మం ఎర్రబడటం లేదా నల్లబడటం, వాంతులు, గ్యాసు కూడా పోకపోవడం: వీటిలో ఏది కనిపించినా బలవంతంగా నెట్టొద్దు, నాటుమందు కట్టొద్దు, తెల్లారనివ్వొద్దు. 108కి ఫోన్ చేసి సర్జన్ ఉన్న ఆసుపత్రికి చేరాలి. డబ్బు గురించిన భయంతో ఆగిపోతున్నవాళ్ళు ప్రభుత్వాసుపత్రిలో అడగండి. ఏ పథకం కింద ఏ ఆపరేషన్ వస్తుందో అక్కడ రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర చెబుతారు.

సెల్సస్‌కు మత్తు లేదు. కరోలిన్ రాణికి జాలీ లేదు. మేయో రోగులకు యాంటీబయాటిక్ లేదు. మనకు అన్నీ ఉన్నాయి. ఇంకా మిగిలిపోయిన అడ్డంకి చీర కుచ్చిళ్ళ చాటున ఉన్న మౌనం ఒక్కటే. దాన్ని తీయడానికి సర్జన్ అక్కర్లేదు, కొడుకో కూతురో చాలు. బిడ్డ బొడ్డు మీద బిళ్ళ తీసేయండి. ఆ చేత్తోనే అమ్మ పక్కన కూర్చుని అడగండి: "అమ్మా, నీకు బొడ్డు దగ్గర ఉబ్బేమైనా ఉందా?" ఉందంటే రేపే తీసుకెళ్ళండి.